బస్తా మోస్తే నాకు అలుపు, భూమికి ఎందుకు లేదు?

ఈ నెల ఉత్తరాలు చాలావరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరిగాయి. కిందటి సంచికలో చంద్రుడి గురించి రాస్తూ, భూమి దాన్ని నాలుగు వందల కోట్ల ఏళ్లకు పైగా పట్టి ఉంచుతోందని ఒక వాక్యం రాశాను. మిగతా వ్యాసాన్ని వదిలేసి పాఠకులు ఆ వాక్యం మీద పడ్డారు. సంతోషమే. వేరే ప్రశ్నలన్నీ వచ్చే నెలకు వాయిదా వేసి ఈసారి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో హమాలీని. పదో తరగతి దాకా చదివాను. యాభై కేజీల బస్తా భుజాన వేసుకుని లారీ దగ్గర లైన్లో నిలబడితే, ఒక్క అడుగు వేయకపోయినా చెమటలు కారుతాయి. అంటే ఊరికే మోస్తూ నిలబడటానికి కూడా శక్తి ఖర్చవుతోంది. మరి భూమి ఇన్ని కొండల్ని, సముద్రాల్ని, ఆఖరికి చంద్రుణ్ణి కూడా రాత్రీ పగలూ లాగుతూనే ఉంది కదా. దానికి ఆ శక్తి ఎక్కణ్ణుంచి వస్తోంది? ఎప్పటికైనా అయిపోతుందా?
— ఒక హమాలీ, మిర్యాలగూడ

జవాబు: తమ్ముడూ, ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినన్నాళ్లూ ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని చూశాను. పుస్తకంలో పని అంటే బలాన్ని స్థానభ్రంశంతో గుణించడం అని ఉంటుంది. పిల్లలు దాన్ని బట్టీపట్టి రెండు మార్కులు తెచ్చుకుంటారు. ఆ సూత్రం ప్రకారం బస్తా మోస్తూ కదలకుండా నిలబడ్డ మనిషి చేసిన పని సున్నా. ఈ మాట జన్మలో బస్తా ఎత్తనివాళ్లు వచ్చి చెబితే హమాలీకి ఒళ్లు మండుతుంది, మండాలి కూడా. కానీ సూత్రమూ తప్పు కాదు, మీ చెమటా అబద్ధం కాదు.

మీ భుజం మీది బస్తాను అంతే ఎత్తున్న బల్ల మీదికి మార్చండి. ఇంతవరకు మీరు ఎంత బలంతో మోశారో, బల్ల కూడా సరిగ్గా అంత బలంతోనే మోస్తుంది. 490 న్యూటన్లు. సాయంత్రం దాకా మోస్తుంది, సంక్రాంతి దాకా వదిలేసినా మోస్తుంది. దానికి తిండి పెట్టక్కర్లేదు, ప్లగ్గు పెట్టక్కర్లేదు. అంటే బరువును ఒకచోట ఆపి ఉంచడానికి బలం ఉంటే చాలు, శక్తి ఖర్చు కానక్కర్లేదు.

మరి మీకెందుకు ఖర్చయింది? మన కండరం తయారైన తీరు అలాంటిది. అది కొయ్యలాగా ఒకసారి బిగుసుకుని ఊరుకోలేదు. లోపల సన్నటి పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని లాగుతాయి, వదులుతాయి, మళ్లీ పట్టుకుంటాయి. బరువు భుజం మీద ఉన్నంతసేపూ ఆ పట్టుకోవడం, వదలడం ఆగదు. పట్టు విడిపించుకున్న ప్రతిసారీ ఏటీపీ అనే పదార్థం కొంత ఖర్చవుతుంది. మీరు తిన్న అన్నంలోంచే శరీరం దాన్ని తయారు చేసుకుంటుంది. బస్తా అంగుళం కదలకపోయినా లోపల పోగులు కదులుతూనే ఉన్నాయి, వాటి శక్తి అంతా వేడిగా మారిపోతోంది. మీ చెమట ఆ వేడిని బయటికి పంపడానికి పట్టింది. ఆ శక్తిలో బస్తాకు చేరింది ఏమీ లేదు.

నేల మీంచి భుజం దాకా ఎత్తినప్పుడు మాత్రం బస్తాకు నిజంగా చేరుతుంది. యాభై కేజీలను మీటరున్నర ఎత్తితే 735 జౌళ్లు (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం). ఒక చెంచాడు పంచదార, అంటే నాలుగు గ్రాములు, శరీరానికి సుమారు 67,000 జౌళ్లు ఇస్తుంది. కండరాలు అందులో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే పనిగా మార్చగలవు. అలా చూసినా, మీ ఒళ్లు వంచి లేపే శ్రమ పక్కన పెడితే, ఇరవై బస్తాలు ఎత్తడానికి చెంచాడు పంచదార చాలు. రోజంతా మిల్లులో పడే అలుపులో ఎక్కువ భాగం ఎత్తడంలో లేదు, మోస్తూ నిలబడటంలోనే ఉందని మీకు ముందే తెలుసు. లెక్కా అదే చెబుతోంది. మీ మేస్త్రి లారీని ముందే తెప్పించి పెడితే సగం అలుపు తగ్గుతుంది. ఇది ఫిజిక్స్‌లో చెప్పే మాట కాదు, అయినా చెబుతున్నాను.

ఇక భూమి. అది కొండల్ని లాగిపెట్టి ఉంచడం బల్ల బస్తాను మోయడం లాంటి వ్యవహారమే. కొండ కదలదు, కాబట్టి పని లేదు, ఖర్చు లేదు. చంద్రుడు కదులుతున్నాడు కదా అంటారు. చంద్రుడి దారి కచ్చితమైన వృత్తం అనుకుందాం. అప్పుడు భూమి లాగేది పక్కకు, చంద్రుడు వెళ్లేది ముందుకు. ముందుకు వెళ్లేవాణ్ణి పక్కకు లాగితే దారి వంగుతుంది, వేగం పెరగదు, తగ్గదు. ఇచ్చిన శక్తీ లేదు, తీసుకున్న శక్తీ లేదు.

నిజానికి ఆ దారి కాస్త కోలగా ఉంటుంది. చంద్రుడు దగ్గరికి వచ్చినప్పుడు సుమారు 3,63,000 కిలోమీటర్ల దూరంలో ఉంటాడు, దూరం జరిగినప్పుడు సుమారు 4,05,000 కిలోమీటర్లు. దగ్గరకు వస్తున్నప్పుడు భూమి లాగుడు కొంత ముందుకు కూడా పనిచేస్తుంది, వేగం సెకనుకు 1.08 కిలోమీటర్లకు చేరుతుంది. దూరమవుతున్నప్పుడు అదే లాగుడు వెనక్కి పట్టి 0.97కు తగ్గిస్తుంది. ఇచ్చింది ఇచ్చినట్టే వెనక్కి తీసుకుంటుంది, చుట్టు పూర్తయ్యేసరికి బాకీ సున్నా. ఈ పనికి భూమి లోపల పీపాలో దాచుకున్న సరుకేమీ లేదు. అది లాగేది దానికున్న ద్రవ్యరాశి వల్ల. ద్రవ్యరాశి ఉన్నన్నాళ్లూ లాగుడు ఉంటుంది. అయిపోవడమన్న మాటే ఉండదు.

ద్రవ్యరాశి ఉంటే అసలు ఎందుకు లాగాలి అని మీరు తర్వాతి ఉత్తరంలో అడుగుతారని తెలుసు. న్యూటన్ తన గ్రంథం రెండో ముద్రణలో, 1713లో, దానికి కారణం ఊహించి చెప్పనని రాసేశాడు. 1915లో ఐన్‌స్టీన్ చెప్పిన జవాబుకు ఒక సంచిక మొత్తం కావాలి.

ప్రశ్న: మేడం, నేను ఐటీఐ చదివి అనకాపల్లిలో వెల్డింగ్ షాపు నడుపుతున్నాను. నాలుగడుగుల చక్రానికి చుట్టూ మడత చేతులు బిగించి, ఒక్కో చేతి చివర కేజీ ఇనప గుండు పెట్టాను. కుడివైపు దిగే చేతులు బయటికి చాచుకుంటాయి, ఎడమవైపు ఎక్కే చేతులు లోపలికి ముడుచుకుంటాయి. కాబట్టి కుడివైపు ఎప్పుడూ మొగ్గే ఉంటుంది. బాల్ బేరింగు మార్చాక ఒకసారి తిప్పి వదిలితే చాలాసేపు తిరుగుతోంది, కానీ చివరికి ఆగిపోతోంది. ఇంకా మంచి బేరింగు పడితే ఆగదని నా నమ్మకం. గురుత్వాకర్షణ ఫ్రీగా దొరుకుతుంది కదా. సాగర్లో, సీలేరులో దానితోనే కదా కరెంటు తీస్తున్నారు? తెలిసినాయన ఒకరు వడ్డీకి డబ్బు ఇప్పిస్తాను, పేటెంటు తీసుకో అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక వెల్డర్, అనకాపల్లి

జవాబు: ముందు వడ్డీ సంగతి. తీసుకోకండి. ఆ పెద్దమనిషికి మర్యాదగా వద్దని చెప్పేసి, ఆ తర్వాత కింద రాసింది చదవండి.

సాగర్ కరెంటు గురుత్వాకర్షణ ఫ్రీగా ఇస్తున్నది కాదు. నీళ్లు పైనుంచి కిందికి పడుతున్నాయి, నిజమే. పడేవాటిని చూడగానే నేను పిల్లలకు నేర్పిన ప్రశ్న ఒకటే: దీన్ని పైకి ఎత్తింది ఎవరు? ఆ ఎత్తినవాడే శక్తి పెట్టినవాడు. కృష్ణ నీళ్లను ఎత్తింది సూర్యుడు. సముద్రంలో ఒక లీటరు నీటిని ఆవిరి చేయడానికి సుమారు 24 లక్షల జౌళ్లు పట్టాయి. అదే లీటరును రెండు కిలోమీటర్ల ఎత్తుకు చేర్చడానికి పట్టేది ఇరవై వేల జౌళ్లలోపే. సూర్యుడు ఎంత దుబారా మనిషో చూడండి. ఆ నీరు మహాబలేశ్వరం దగ్గర పడమటి కనుమల మీద వానగా పడి, రాళ్ల మీద దొర్లుతూ దారి పొడవునా ఎత్తు పోగొట్టుకుంటూ సాగర్‌కు వచ్చేసరికి మిగిలే నీటిమట్టం, డ్యాము నిండుగా ఉంటే, 590 అడుగులు. ఆ మిగిలిన ఎత్తులోంచే మనం కరెంటు తీసేది.

అదైనా ఎంత? లెక్క తేలికగా ఉండటానికి నీరు వంద మీటర్లు పడుతుందనుకుందాం. డాబా మీద వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు ఉంటుంది కదా, ఆ ట్యాంకు నీళ్లు వంద మీటర్లు పడితే 9 లక్షల 80 వేల జౌళ్లు. ఒక యూనిట్ కరెంటు అంటే 36 లక్షల జౌళ్లు. అంటే ఒక్క యూనిట్ కోసం, నష్టాలు కలుపుకుంటే, నాలుగు ట్యాంకుల నీరు వంద మీటర్లు దూకాలి. గురుత్వాకర్షణ మహాబలమైనదని మనకు ఒక భ్రమ ఉంది గానీ, శక్తి లెక్కకు వచ్చేసరికి అది చాలా పొదుపరి.

సాగర్‌లో ఇంకో విశేషం ఉంది, మీకు పనికొచ్చేది. అక్కడి ప్రధాన విద్యుత్ కేంద్రంలో ఎనిమిది యూనిట్లలో ఏడు రెండువైపులా తిరిగేవి. కరెంటు గిరాకీ ఎక్కువున్నప్పుడు నీళ్లు దించి కరెంటు తీస్తాయి, మిగులు ఉన్నప్పుడు అదే కరెంటుతో కింది నీటిని మళ్లీ పైకి ఎక్కించగలవు. ఇంటర్ పిల్లల్ని టూరుకు తీసుకెళ్లినప్పుడు చూపించేదాన్ని. గురుత్వాకర్షణ ఫ్రీగా శక్తి ఇచ్చేదే అయితే ఇంజనీర్లు ఆ నీళ్లనే ఎక్కిస్తూ దించుతూ లాభం తీసుకుంటూ ఉండేవాళ్లు. ఇలాంటి కేంద్రాల్లో ఎక్కించడానికి వంద యూనిట్లు పెడితే దించినప్పుడు చేతికి వచ్చేది 75 నుంచి 80. నష్టానికైనా ఎందుకు చేస్తారంటే, అది కరెంటును దాచుకునే పద్ధతి కాబట్టి.

ఇప్పుడు మీ చక్రం. ఒక పూర్తి చుట్టు తిప్పి ఆపండి. ప్రతి గుండూ బయలుదేరిన చోటికే వచ్చింది. దిగేటప్పుడు గుండు ఇచ్చే శక్తి, ఎక్కేటప్పుడు పుచ్చుకునే శక్తి రెండూ ఎత్తు మీదే ఆధారపడతాయి. చెయ్యి చాచుకుని దిగిందా, ముడుచుకుని ఎక్కిందా అన్నది గురుత్వాకర్షణకు పట్టదు. కేజీ గుండు నాలుగడుగులు దిగితే సుమారు 12 జౌళ్లు, ఎక్కితే అవే 12 జౌళ్లు. కుడివైపు మొగ్గు ఎందుకు నిలవదో కళ్లతో చూడాలంటే చక్రాన్ని ఆపి రెండువైపులా గుండ్లు లెక్కపెట్టండి. కుడివైపు దూరంగా ఉన్నవి తక్కువ ఉంటాయి, ఎడమవైపు దగ్గరగా ఉన్నవి ఎక్కువ ఉంటాయి. కాగితం మీద బొమ్మ గీసుకునేటప్పుడు మన చెయ్యి కుడివైపే ఎక్కువ గుండ్లు గీస్తుంది, మోసమంతా అక్కడే. పైగా చెయ్యి విచ్చుకున్న ప్రతిసారీ టక్ మని చప్పుడు వస్తుంది కదా, ఆ చప్పుడూ ఆ దెబ్బకు పుట్టే వేడీ మీరు తిప్పి ఇచ్చిన శక్తిలోంచి పోయేవే. మంచి బేరింగు పెడితే ఎక్కువసేపు తిరుగుతుంది, తప్పకుండా. మీరు చేత్తో ఇచ్చిన శక్తి నిదానంగా ఖర్చవుతుంది, అంతే.

మీకు నామోషీ ఏమీ అక్కర్లేదు. 1150లో సిద్ధాంత శిరోమణి రాసిన భాస్కరాచార్యుడంతటివాడు, బోలు ఆకుల్లో సగం పాదరసం నింపిన చక్రం దానంతట అదే తిరుగుతుందని వర్ణించాడు. ఆ తర్వాత యూరప్‌లో వందల ఏళ్లపాటు ఇదే చక్రాన్ని రకరకాలుగా చేశారు. 1775లో పారిస్‌లోని ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ విసిగిపోయి, ఆగకుండా తిరిగే యంత్రాల దరఖాస్తులు ఇక చూడబోమని తీర్మానం చేసింది. పారిస్ దాకా ఎందుకు, మన 1970 పేటెంట్ల చట్టంలో సెక్షన్ 3(ఎ) ఉంది. స్థిరపడిన ప్రకృతి నియమాలకు బాహాటంగా విరుద్ధమైన దేనికీ పేటెంటు ఇవ్వరని అందులో రాసి ఉంది. మీ దరఖాస్తు ఆ సెక్షన్ దగ్గరే ఆగిపోతుంది, దరఖాస్తు రాసిపెట్టినందుకు ఏజెంటు ఫీజు మాత్రం పోతుంది.

చక్రాన్ని తుక్కు చేయకండి. పక్కనున్న హైస్కూలుకు ఇవ్వండి. ఎందుకు ఆగుతుందో పిల్లల చేతనే లెక్కపెట్టించవచ్చు. అలాంటి మోడల్ ఒకటి కావాలని నేను చాలాసార్లు అనుకున్నాను, ఇంత బాగా వెల్డింగ్ చేసేవాళ్లు దొరకలేదు.

ప్రశ్న: మాది భీమిలి. నాన్న వేటకు వెళ్తారు, నేను బీఎస్సీ రెండో సంవత్సరం. మీరు గురుత్వాకర్షణ శక్తి ఖర్చు చేయదు అని రాస్తుంటారు. కానీ రోజూ రెండుసార్లు పోటు వస్తోంది, పాటు వస్తోంది. సముద్రమంతటినీ అటూ ఇటూ కదిలించడం పని కాదా? దానికి శక్తి చంద్రుడు ఇస్తున్నాడా?
— ఒక విద్యార్థిని, భీమునిపట్నం

జవాబు: పని అవునమ్మా, పట్టుకున్నావు. పోటూ పాటూ వచ్చినప్పుడు నీళ్లు సముద్రపు అడుగునూ ఒడ్డునూ రాసుకుని వేడెక్కుతాయి. చంద్రుడూ సూర్యుడూ కలిసి తెచ్చే ఈ పోటులో భూమ్మీద మొత్తం సుమారు 37 లక్షల మెగావాట్ల శక్తి అలా వేడిగా పోతోంది. మన దేశంలోని విద్యుత్ కేంద్రాలన్నీ కలిపినా సామర్థ్యం ఐదు లక్షల మెగావాట్ల దరిదాపుల్లోనే ఉంది. కాబట్టి ఇది చిన్న మొత్తమేమీ కాదు, ఎవరో ఒకరు ఇచ్చుకోవాల్సిందే.

ఇస్తున్నది చంద్రుడు కాదు. భూమి, తన తిరుగుడులోంచి. చంద్రుడి వైపున సముద్రం కొంచెం ఉబ్బుతుంది, అవతలి వైపునా ఉబ్బుతుంది. భూమి తన చుట్టూ తాను ఒక రోజులో తిరుగుతుంది, చంద్రుడు భూమి చుట్టూ తిరగడానికి 27 రోజులకు పైగా తీసుకుంటాడు. అందుకని భూమి ఆ ఉబ్బును తనతోపాటు కొంచెం ముందుకు ఈడ్చుకుపోతుంది. చంద్రుడు ఆ ఉబ్బును పట్టి వెనక్కి లాగుతాడు, భూమికి అది బ్రేకులా పనిచేస్తుంది. ఉబ్బు చంద్రుణ్ణి ముందుకు లాగుతుంది, దానివల్ల చంద్రుడికి కొంచెం శక్తి చేరి ఇంకాస్త పై కక్ష్యకు జరుగుతాడు. భూమి తిరుగుడులోంచి పోయిన శక్తిలో చంద్రుడికి దక్కేది చాలా తక్కువ, మిగతాదంతా నీళ్లలో వేడి.

ఇది ఊహ కాదు, కొలిచారు. అపోలో 11, 14, 15 వ్యోమగాములు చంద్రుడి మీద పెట్టి వచ్చిన అద్దాల మీదికి భూమి నుంచి లేజర్ వేస్తారు. వెళ్లి తిరిగి రావడానికి ఆ వెలుగుకు రెండున్నర సెకన్లు పడుతుంది. ఆ లెక్కన చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. ఇక్కడ మన రోజు నూరేళ్లకు దాదాపు రెండు మిల్లీసెకన్లు పొడవవుతోంది. రెండు మిల్లీసెకన్లే కదా అనుకుంటాం. 1963లో జాన్ వెల్స్ అనే శాస్త్రవేత్త సుమారు 40 కోట్ల ఏళ్ల నాటి పగడపు శిలాజాల మీద గీతలు లెక్కపెట్టాడు. చెట్టుకు ఏటా ఒక వలయం పడ్డట్టు పగడానికి రోజూ ఒక సన్నగీత పడుతుంది. ఏడాదికి దాదాపు 400 గీతలు తేలాయి. ఏడాది నిడివి అప్పుడూ ఇంతే, రోజులే ఎక్కువ. అంటే రోజుకు సుమారు 22 గంటలే. మిగతా రెండు గంటలూ పోటు తెచ్చిపెట్టినవి.

1966 నుంచి ఫ్రాన్స్‌లో రాన్స్ నది ముఖద్వారం దగ్గర పోటు నీటితో 240 మెగావాట్ల కేంద్రం నడుస్తోంది. అక్కడ బల్బు వెలిగిందంటే భూమి తిరుగుడులోంచి పిసరంత తీసుకుని వెలిగించినట్టే. మన భీమిలిలో పోటు ఎత్తు అందుకు చాలదు. గుజరాత్‌లో ఖంభాత్ గల్ఫ్ దగ్గరైతే సముద్రం చాలా ఎత్తు లేస్తుంది. ఎప్పుడైనా వెళ్తే నాన్నగారిని కూడా తీసుకెళ్లు, ఆయన ఎక్కువ ఆనందిస్తారు.

ప్రశ్న: నిజామాబాద్‌లో హైస్కూలు టీచర్ని. మాకు దగ్గర్లోనే, మహారాష్ట్రలో హింగోలి జిల్లాలో లైగో కేంద్రం, అంటే గురుత్వాకర్షణ అలల్ని పట్టే కేంద్రం, వస్తోందని పిల్లలకు చెబుతున్నాను. 2015లో రెండు కృష్ణబిలాలు కలిసినప్పుడు మూడు సూర్యులంత ద్రవ్యరాశి గురుత్వ తరంగాలుగా పోయిందని చదివాం. గురుత్వాకర్షణ శక్తి పుట్టించదంటే అంత శక్తి ఎక్కడిది? మీ పద్ధతిలోనే అడుగుతున్నాను, వాటిని మొదట 'ఎత్తింది' ఎవరు?
— ఒక ఉపాధ్యాయుడు, నిజామాబాద్

జవాబు: మాస్టారూ, నా కర్రతో నన్నే కొట్టారు. హింగోలి కేంద్రానికి కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో ఆమోదం ఇచ్చింది. అది పనిచేయడం మొదలుపెట్టాక మీ పిల్లల్ని బస్సెక్కించండి.

2015 సెప్టెంబర్ 14న అమెరికాలోని రెండు లైగో కేంద్రాలు పట్టుకున్న తరంగం సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి వచ్చింది. కలిసిన కృష్ణబిలాల్లో ఒకటి సుమారు 36 సూర్యులంత, రెండోది 29 సూర్యులంత. కలిశాక తూగింది 65 కాదు, 62. తగ్గిన మూడే తరంగాలై పోయాయి, అదీ సెకనులో కొద్ది భాగంలో.

ఇది అర్థం కావాలంటే బావి గురించి ఆలోచించండి. గట్టు మీద ఉన్న రాయి ఎత్తును సున్నా అనుకుంటే, బావిలో ఉన్న రాయిది సున్నా కంటే తక్కువ. పైకి తేవాలంటే మనం శక్తి పెట్టాలి. గురుత్వాకర్షణతో దగ్గరైన ఏ రెండు వస్తువులైనా ఇలా ఒకరి బావిలో ఒకరు పడ్డట్టే. చాలా దూరంగా ఉన్నప్పుడు స్థితిజ శక్తి సున్నా అని పెట్టుకుంటే దగ్గరయ్యేకొద్దీ అది మైనస్‌లోకి పోతుంది. ఎంత మైనస్ అయితే అంత శక్తి వేరే రూపంలో, అంటే వేగంగానో వేడిగానో తరంగంగానో, బయటపడుతుంది. అది విడిచి వెళ్లిపోయాక మిగిలిన ముద్ద, విడివిడి ముక్కల మొత్తం కంటే తక్కువ తూగుతుంది. మన భూమి కూడా అలాగే తక్కువ తూగుతుంది. దీన్ని చేసిన రాళ్లనూ ధూళినీ విడివిడిగా తూచి కూడితే వచ్చేదానికంటే రెండున్నర లక్షల కోట్ల టన్నులకు పైగా తక్కువ. ఆ వేడి చాలావరకు ఎప్పుడో అంతరిక్షంలోకి పోయింది. కొంత ఇంకా మన కాళ్ల కిందే ఉంది, అగ్నిపర్వతాల్లోంచి వస్తూ ఉంటుంది.

సూర్యుడు మొదట వేడెక్కిందీ ఇలా కుంచించుకోవడం వల్లే. పందొమ్మిదో శతాబ్దంలో కెల్విన్ అనే భౌతిక శాస్త్రవేత్త, సూర్యుడి వెలుగంతా ఈ కుంచించుకోవడంలోంచే వస్తోందని లెక్కగట్టి, సూర్యుడి వయసు కొన్ని కోట్ల ఏళ్లు మించదన్నాడు. భూమి పొరలు చదివిన భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ వయసు ఏ మూలకూ చాలదన్నారు. గొడవ చాలాకాలం నడిచింది. చివరికి భూగర్భ శాస్త్రజ్ఞులదే పైచేయి. హైడ్రోజన్ హీలియంగా మారే అణుసంలీనం ఆ తర్వాత తెలిసింది. గురుత్వాకర్షణ పొయ్యి అంటించింది, మండుతున్నది హైడ్రోజన్. అనకాపల్లి వెల్డర్ గారు ఇది చదివి మళ్లీ ఉత్తరం రాయకుండా ఉండాలని కోరుకుంటున్నాను.

ఇక ఎత్తింది ఎవరు? కృష్ణబిలాలకు ముందు అవి పెద్ద నక్షత్రాలు. నక్షత్రాలకు ముందు పల్చటి వాయువు. ఆ వాయువు విశ్వం పుట్టినప్పుడే దూరం దూరంగా పరుచుకుని ఉంది, విశ్వం విస్తరిస్తోంది కాబట్టి ఇంకా దూరమైంది. అన్నిటికంటే ఎత్తున మొదలైనట్టన్నమాట. ఆ తర్వాత జరిగిందంతా దిగడమే. మొదటి ఎత్తుకు శక్తి ఎవరు పెట్టారన్న ప్రశ్నకు 1973లో ఎడ్వర్డ్ ట్రయాన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒక ధైర్యమైన సూచన చేశాడు. ద్రవ్యరాశిలో ఉన్న ప్లస్ శక్తి అంతా, గురుత్వాకర్షణలో ఉన్న మైనస్ శక్తి అంతా కూడితే విశ్వం మొత్తానికి సున్నా వస్తుందేమో, అప్పుడు ఎవరూ ఏమీ పెట్టనక్కర్లేదు అని. వినడానికి బాగుంది. రుజువైతే కాలేదు.

నాకు అంతకంటే గణిత శాస్త్రవేత్త ఎమ్మీ నోదర్ సిద్ధాంతం మీద గురి ఎక్కువ. ప్రకృతి నియమాలు కాలంతో మారకుండా ఉన్నచోటే శక్తి నిత్యత్వం నిలుస్తుందని 1918లో ఆమె గణితంతో చూపించింది. విస్తరిస్తున్న విశ్వం మొత్తాన్ని తీసుకుంటే నిన్నటి నేపథ్యం ఇవాళ లేదు. కాబట్టి విశ్వం మొత్తానికి కలిపి ఒక శక్తి ఖాతా తెరవొచ్చన్న హామీ ఐన్‌స్టీన్ సిద్ధాంతంలో లేదు. సాగర్‌కు తెరవొచ్చు, చంద్రుడికి తెరవొచ్చు, రెండు కృష్ణబిలాలకూ తెరవొచ్చు. పిల్లలకు మీరు ఇంతవరకు చెబితే చాలు మాస్టారూ, ఇంతకు మించి చెప్పే పాఠ్యపుస్తకం ఇంకా రాలేదు.

ప్రశ్న: సూర్యుడి చుట్టూ తిరగడానికి భూమికి పెట్రోలు ఎవరు పోస్తున్నారు?
— పోస్టుకార్డు, రాజమండ్రి

జవాబు: ఎవరూ పోయడం లేదండీ. బండికి పెట్రోలు కావాల్సింది రోడ్డు, గాలి ఆపుతున్నాయి కాబట్టి. భూమి వెళ్లే దారిలో ఆపేవి లేనట్టే. లేనట్టే అని ఎందుకు అన్నానంటే, సూర్యుడి చుట్టూ తిరుగుతూ భూమి కూడా గురుత్వ తరంగాలు వెదజల్లుతుంది. ఆ నష్టం సుమారు 200 వాట్లు, అంటే పాతకాలపు వంద వాట్ల బల్బులు రెండు వెలిగినంత. దాని వల్ల భూమి సూర్యుడిలో పడిపోతుందేమో అన్న టెన్షన్ పెట్టుకోకండి. ఇంకో 500 కోట్ల ఏళ్లకు సూర్యుడి నడిబొడ్డులో హైడ్రోజన్ అయిపోతుంది, అప్పటికి ఈ రెండు బల్బుల నష్టం కొలవడానికి కూడా అందదు.